బండి కనబడే బెంచీ: హైవే పక్క చాపెల్ ఒకదాని కేస్ స్టడీ

మేం కట్టిన చాపెల్ (చిన్న ప్రార్థనాలయం) తెరిచి మూడు వారాలైంది. చివరి బెంచీలో కూర్చుని, ఎవరొస్తున్నారో, ఎంతసేపు ఉంటున్నారో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఒక లారీ డ్రైవర్ లోపలికొచ్చాడు. చేతిలో తాళాల గుత్తి. తీర్థజలంలో వేలు ముంచి సిలువ గుర్తు వేసుకున్నాడు. నాలుగడుగులు ముందుకు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. మళ్లీ బలిపీఠం వైపు చూశాడు. చివరికి తలుపు దగ్గరికే వెళ్లి, దాన్ని భుజంతో బెత్తెడు తెరిచిపట్టి, ఓ కన్ను బయటున్న బండి మీద ఉంచి, పెదాలు కదుపుతూ నిలబడ్డాడు. రెండు నిమిషాలు. వెళ్లిపోయాడు.

ఆ రెండు నిమిషాలూ హైవే మొత్తం లోపలికొచ్చింది. ముందు వరసలో జపమాల చెప్పుకుంటున్న పెద్దావిడ రెండుసార్లు తల తిప్పి చూసింది.

పీఠం మీద ఏ గంటకు ఎంత వెలుగు పడాలో మోడల్ చేసి మరీ కట్టిన గది అది. మంచి రాయి, మంచి చెక్క. ఫొటోల్లో బాగా వచ్చింది కూడా. కానీ ఎవరి కోసం కట్టామో ఆ మనిషే లోపల కుదురుగా నిలబడలేకపోయాడు. ఈ కేసులో నేను చేసిన తప్పులు చాలావరకు ఆ ఒక్క దృశ్యంలోనే ఉన్నాయి. వాటిని ఎలా దిద్దుకున్నామో రాస్తున్నాను. ప్రార్థనా స్థలాల డిజైన్ నా పనిలో సగం. ఆ అనుభవమే ఇక్కడ నాకు అడ్డమొచ్చిందని ముందే ఒప్పుకుంటాను.

పని ఇదీ: హైవే విశ్రాంతి స్థలంలో ఒక మూల, రోడ్డుకు కొంచెం ఎడంగా, మేత్రాసనం (ఒక బిషప్ కిందుండే ప్రాంతం) తరఫున ఒక చిన్న కాథలిక్ చాపెల్. లోపలి కొలత 7 మీటర్లు, 11 మీటర్లు. సగటు ఎత్తు నాలుగున్నర. 60 మంది పట్టాలన్నారు, 40కి ఒప్పించాను. విచారణ గుడి, అంటే చుట్టుపక్కల కాథలిక్కులు రోజూ వెళ్లే గుడి, నడిచే దూరంలో లేదు. దివ్యబలిపూజ (మాస్) ఎప్పుడో ఒకసారి, ప్రయాణికుల ప్రార్థన మాత్రం ఎప్పుడూ.

ముందు చూసినవి

గీతలు మొదలుపెట్టే ముందు ఇలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో చదువుకున్నాను. ఈ విషయంలో జర్మనీ అందరికంటే ముందుంది. అక్కడి మొదటి హైవే చర్చి 1958లో ఆగ్స్‌బర్గ్ దగ్గర ఆడెల్స్‌రీడ్‌లో, ఎ8 రహదారి పక్కన వచ్చింది. పేరు ‘ప్రయాణికుల రక్షణ మరియమాత’. ఇప్పుడు దేశమంతటా అలాంటివి 40కి పైగా ఉన్నాయి. నాకు అక్కడ నచ్చింది భవనాలకన్నా వాళ్లు పెట్టుకున్న షరతులు: రోడ్డు దిగాక దగ్గరలోనే ఉండాలి, పార్కింగ్ ఉండాలి, టాయిలెట్ ఉండాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోజూ తెరిచి ఉండాలి. వీటిలో దేవుడి సంగతి ఒక్క ముక్క లేదు. అయినా కట్టేవాడికి అంతకన్నా పనికొచ్చే సలహా లేదు. టాయిలెట్ మాట నేను ఎత్తినప్పుడు మా కమిటీలో సగం మంది ముఖం చిట్లించారు. ఇప్పుడు చాపెల్‌కి వచ్చేవాళ్లలో చాలామంది మొదట వచ్చేది దానికోసమే.

విల్న్స్‌డోర్ఫ్ దగ్గర ఎ45 పక్కన 2013లో తెరిచిన జీగర్‌లాండ్ చర్చి కాథలిక్కులకే పరిమితం కాదు. దాని ఆకారాన్ని రోడ్డు బోర్డుల మీద ఉండే చర్చి గుర్తు నుంచే తీశారు. చూడటానికి గడుసుతనంలా ఉంటుంది గానీ లెక్క ఉంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ‘అదిగో చర్చి, ఆగుదామా?’ అని పక్కవాళ్లను అడిగేలోపు దిగాల్సిన దారి దాటిపోతుంది. అందుకే మా గోడకు తెల్ల సున్నం, దాని మీద ఒక్క సిలువ, అంతే. పైకప్పు గురించి నాకున్న సరదాలన్నీ పక్కన పెట్టేశాను.

అన్నింటికన్నా ఎక్కువసేపు చూసింది మాత్రం ఇటలీలో, ఫ్లారెన్స్ శివార్లలో, కాంపీ బిసెంజియో దగ్గరున్న స్నాపక యోహాను చర్చి. ఆటోస్ట్రాడా దెల్ సోలె అనే పెద్ద రహదారి కట్టేటప్పుడు చనిపోయిన కూలీల స్మారకంగా 1960-64 మధ్య కట్టారు. జొవాన్నీ మికెలుచ్చి డిజైన్. ఆయన 1930లలో ఫ్లారెన్స్ రైల్వే స్టేషన్ చేసిన బృందంలో కూడా ఉన్నాడు. ప్రయాణికులు ఎలా నడుస్తారో, ఎక్కడ తడబడతారో ఆయనకు తెలుసనుకుంటాను. రాతి గోడల మీద రాగి కప్పు, ఎడారిలో వేసిన గుడారంలా. లోపలికి నేరుగా వెళ్లనివ్వడు. ముందు ఒక పొడవాటి వసారా. రహదారి కలిపే ఊళ్ల పాలక పునీతుల కంచు ఫలకాలు గోడ పొడవునా ఉంటాయి. రోడ్డు వేగం మనిషి ఒంట్లోంచి దిగడానికి ఆ నడక కావాలి.

నేనూ అలాంటి వసారా గీశాను. రెండు తలుపుల మధ్య మూడు మీటర్ల నడక, ఒక మలుపు. బడ్జెట్ మీటింగులో మొదట ఎగిరిపోయింది అదే. “ఖాళీ జాగాకి డబ్బులెందుకండీ?” అన్నారు. నేను గట్టిగా అడ్డం పడలేదు. పీఠం రాయిని కాపాడుకునే తాపత్రయంలో వసారాని వదిలేశాను. దాని ఫలితమే పైన చెప్పిన తలుపు.

మందసం తాళం ఎవరి దగ్గర?

డిజైన్ నెలలు నెలలు ఆగిపోయింది గోడల దగ్గర కాదు, దివ్యసత్ప్రసాద మందసం దగ్గర. పూజలో క్రీస్తు శరీరంగా మారిందని కాథలిక్కులు నమ్మే అప్పాన్ని తాళం వేసి దాచే పెట్టె అది. మేత్రాసనం తరఫున పని చూస్తున్న ఫాదర్ గారికి మందసం ఉండాల్సిందే. “అది లేకపోతే వెయిటింగ్ రూమ్‌కీ దీనికీ తేడా ఏముంది?” అన్నారు. నాకేమో రాత్రంతా తెరిచి ఉండే చాపెల్ కావాలి. ఎందుకంటే దూరప్రయాణాల్లో మనిషి నిజంగా కుంగిపోయేది అర్ధరాత్రి దాటాకే. ఈ రెండూ ఒక గదిలో ఇమడవు.

ఫాదర్ గారు 1983 నాటి శ్రీసభ చట్టం (కాథలిక్ సంఘపు నియమావళి) తెచ్చి టేబుల్ మీద పెట్టారు. విచారణ గుడి కాని చోట మందసం ఉంచాలంటే మేత్రాణుల (బిషప్) అనుమతి కావాలి. దాని బాగోగులు చూసే మనిషి ఒకరుండాలి, వీలైనంతవరకు నెలకు రెండుసార్లయినా అక్కడ పూజ జరగాలి. ఇవన్నీ 934వ నియమంలో ఉన్నాయి. మందసం కదలనిది, గట్టిది, లోపలిది బయటికి కనబడనిది అయి ఉండాలి, తాళం వేసి ఉండాలి, ఆ తాళంచెవిని జాగ్రత్తగా కాపాడాలి. ఇది 938. దాని ముందు దీపం ఆరకుండా వెలుగుతుండాలి, ఇది 940. పూజాక్రమం నియమాల ప్రకారం ఆ దీపం నూనెతోనో మైనంతోనో వెలగాలి. అంటే స్విచ్ వేసి మర్చిపోయే ఎల్‌ఈడీతో పని జరగదు. దాన్ని మార్చే చేయి ఒకటి కావాలి.

మొదటిసారి చదివినప్పుడు ఇవన్నీ నా డిజైన్‌కి సంకెళ్లలా కనిపించాయి. రెండోసారి చదివితే 938లోనే దారి ఉంది. తీవ్రమైన కారణం ఉంటే, ముఖ్యంగా రాత్రిపూట, దివ్యసత్ప్రసాదాన్ని ఇంకా భద్రమైన, తగిన చోట ఉంచవచ్చని ఆ నియమమే చెబుతోంది. ఇక 937 ఏమంటుందంటే, దివ్యసత్ప్రసాదం ఉన్న చర్చిని రోజూ కనీసం కొన్ని గంటలు విశ్వాసుల కోసం తెరిచి ఉంచాలి. కొన్ని గంటలు అంది, ఇరవై నాలుగు అనలేదు. అంటే చట్టం రాసినవాళ్లకు తాళం సంగతీ తెలుసు, తలుపు సంగతీ తెలుసు. తెలియనిది నాకే.

గదిని రెండు చేశాం. ముందు మూడో వంతు రాత్రంతా తెరిచే ఉంటుంది. అక్కడ మరియమాత స్వరూపం, కొవ్వొత్తులు, మనవులు రాసే పుస్తకం, రెండు బెంచీలు ఉంటాయి. బలిపీఠం, మందసం ఉన్న లోపలి భాగానికి మడిచే ఇనుప జాలీ పెట్టాం. పగలు అది గోడలో మడిచి ఉంటుంది, చూసినవాళ్లు అదొక అలంకారం అనుకుంటారు. రాత్రి మూసేస్తారు. జాలీ గళ్ల సైజు మీద రెండు వారాలు కొట్టుకున్నాం. చేయి దూరకూడదు, చూపు ఆగకూడదు. చివరికి గళ్లను నిలువుగా, సన్నగా చేశాం. చీకట్లో నిలబడితే ఎర్రదీపం వాటి మధ్యలోంచి ముక్కలు ముక్కలుగా కాకుండా ఒక్కటిగా కనిపిస్తుంది. మా వెల్డర్ రబ్బరు వాషర్లు వేయకపోయుంటే మడిచినప్పుడల్లా షాపు షట్టర్ చప్పుడే వచ్చేది. ఆ ఐడియా అతనిదే.

మిగిలింది మనిషి. వచ్చీపోయే ప్రయాణికుల్లో మందసాన్ని చూసుకునే మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఈ ప్రశ్నకు జవాబు బోస్టన్‌లో దొరికింది. అక్కడి లోగన్ ఎయిర్‌పోర్టులో 1951లో పెట్టిన చాపెల్ అమెరికా ఎయిర్‌పోర్టు చాపెల్స్‌లో మొదటిది. దాన్ని మొదలుపెట్టింది విమానం ఎక్కేవాళ్ల కోసం కాదు, అక్కడ డ్యూటీ చేసే ఉద్యోగుల కోసం. నేను మళ్లీ సైటుకెళ్లి చూశాను. పెట్రోల్ బంకు, హోటల్, పార్కింగ్, టాయిలెట్లు. రోజూ అక్కడే ఉండే మనుషులు పదుల్లో ఉన్నారు, వాళ్లలో పక్క విచారణకు చెందిన కాథలిక్కులూ ఉన్నారు. ఇప్పుడు దీపం మార్చేదీ, జాలీ మూసేదీ ముగ్గురు: బంకులో ఒకరు, హోటల్ వంటగదిలో ఇద్దరు. షిఫ్టుల ప్రకారం. ప్రయాణికుల చాపెల్‌కి అసలు సంఘం ప్రయాణం చేయనివాళ్లే అని బ్రీఫ్‌లో (పని వివరాల కాగితంలో) ఎవరూ రాయలేదు. నేనూ అడగలేదు.

తలుపు, చప్పుడు

ఇక డ్రైవర్ దగ్గరికి వస్తే. ఆయన వెళ్లాక నేను నోట్‌బుక్‌లో రాసుకున్నవి రెండే మాటలు: ‘చూపు’, ‘చప్పుడు’.

చప్పుడు సంగతి ముందు చెప్తాను, అది లెక్కల పని. రోడ్డుకు దూరంగా కడితే నిశ్శబ్దం వస్తుందని అందరూ అనుకుంటారు. ఆగకుండా బండ్లు పోయే రోడ్డుకి దూరం రెట్టింపు చేస్తే తగ్గేది సుమారు 3 డెసిబెల్సే. చెవికి ‘సగమైంది’ అనిపించాలంటే దాదాపు 10 తగ్గాలి. అంత స్థలం ఎవరికుంది? గోడ మందంగానే ఉంది కాబట్టి బాధ దానితో కాదు, తలుపుతో. తలుపు విస్తీర్ణంలో నూరో వంతు సందు ఉన్నా చాలు, ఎంత బరువైన తలుపైనా 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. ఇక తెరిచి పట్టుకుంటే అడిగేదేముంది.

పైగా ఆ బరువు ఇంకో నష్టం చేసింది. తలుపును దానంతటదే మూసే క్లోజర్ బిగుతుగా ఉండటంతో, ఒక్కసారి తోసి చూసి “మూసేసినట్టున్నారు” అని వెనక్కి పోయినవాళ్లను నా కళ్లతో చూశాను. పరిచయం లేని చోట మనిషి రెండోసారి తోయడు. గుడి తలుపైతే అసలే తోయడు.

పోయిన వసారా అలా తిరిగొచ్చింది. ఈసారి బయట అతికించిన చిన్న గదిలా, అనుకున్న దానికన్నా ఎక్కువ ఖర్చుతో. బయటి తలుపు తేలికైన గాజుది, ఒక వేలితో తెరుచుకుంటుంది. ఒక మలుపు తిరిగితే లోపలి చెక్క తలుపు, చుట్టూ రబ్బరు సీలుతో. మొదటిది మూసుకున్నాకే మనిషి రెండోదాన్ని అందుకునేంత దూరం ఉంచాం. చెక్క తలుపు పక్కన సన్నని గాజు పట్టీ పెట్టాం, లోపలి ఎర్రదీపం అందులోంచి కనిపిస్తుంది. ‘తెరిచి ఉంది, రండి’ అనే బోర్డు తీసేశాం.

లోపలి ప్రతిధ్వని ఇంకో కథ. గీతాలు బాగా మోగాలని మొదట గట్టి ప్లాస్టర్ చేయించాం. చప్పుడు అణగడానికి 2.8 సెకన్లు పట్టేది. గాయక బృందం ఉన్న గుడికి అది ముచ్చటే. ఇక్కడ పాడేదెవరు? వినబడేవి చెప్పులు, తాళాలు, దగ్గు, పసిపిల్లలు. తాళాలు కింద పడితే అందరూ ఉలిక్కిపడేవారు. గది పరిమాణం, చప్పుడు పీల్చే శక్తి (శోషణ) చూసి ప్రతిధ్వనిని లెక్కేసే సాబిన్ సూత్రంతో లెక్కేస్తే, 346 ఘనపు మీటర్ల గదిలో 2.8ని 1.2 సెకన్లకు తేవాలంటే శోషణ 20 చదరపు మీటర్ల దగ్గర్నుంచి సుమారు 46కి పెరగాలి. వెనక గోడ మొత్తం, కప్పులో ఒక పట్టీ, కలిపి 34 చదరపు మీటర్ల దాకా చెక్క పట్టీలు కొట్టి వెనక ఖనిజ ఉన్ని నింపాం. ఇప్పుడు తాళాలు పడితే పడిన చప్పుడే, ఉరుము కాదు. పూజ రోజు పాట కొంచెం పొడిగా ఉంటోందని ఫాదర్ గారి ఫిర్యాదు. నిజమే. నేను మాత్రం మార్చను.

చూపు

ప్రార్థనకు వచ్చిన మనిషి బయటి ప్రపంచాన్ని మర్చిపోవాలని మాకు కాలేజీలో నేర్పారు. కిటికీలు పైన పెట్టండి, వెలుగు రానివ్వండి, రోడ్డు కనబడనివ్వకండి. విచారణ గుడికి అది సరిపోతుంది. ఇంటినుంచి వచ్చేవాడు ఇంటికి తాళం వేసి వస్తాడు. ప్రయాణికుడి ఇల్లు బయట పార్కింగులో ఉంటుంది. సరుకు, సామాను, నిద్రపోతున్న పిల్లలు, కొందరికైతే బతుకుదెరువంతా ఆ బండిలోనే. దాన్ని మర్చిపొమ్మనడం భక్తి కాదు, డిజైన్ చేసేవాడి పొగరు.

పార్కింగ్ వైపు గోడలో, నేలనుంచి 105 సెంటీమీటర్ల ఎత్తులో, అడ్డంగా ఒక చీలిక కోశాం. ఎత్తు 30 సెంటీమీటర్లు, పొడవు మూడు మీటర్లకు కొంచెం తక్కువ, లామినేటెడ్ గాజు. కూర్చుంటే కంటికి ఎదురుగా బండ్లు. మోకరిస్తే కళ్లు చీలిక పై అంచు దగ్గరికి వస్తాయి, ఇంకాస్త పైకి చూస్తే మందసం దీపం. ఈ కొలతల కోసం అట్టముక్కకు చీలిక కోసి గోడకు ఆనించి, పొట్టివాళ్లనీ పొడుగువాళ్లనీ కూర్చోబెట్టి, లేపి, మోకరింపజేసి చూశాం. హోటల్ వంటగది వాళ్లు నవ్వుకున్నారు. దాని పక్కన బెంచీని గోడకు ఏటవాలుగా తిప్పాం. తల తిప్పకుండా రెండూ కనబడాలి. తల తిప్పితే మనసు కూడా తిరుగుతుంది.

బెంచీల గురించి ఒక మాట. మొదట ఐదుగురు పట్టే పొడవాటి బెంచీలు వేశాం. అపరిచితులు అపరిచితుల పక్కన కూర్చోరు. చెరో కొసన ఒక్కొక్కరు కూర్చుంటే బెంచీ నిండిపోయినట్టే, మూడోవాడు నిలబడి వెళ్లిపోయేవాడు. అన్నీ ఇద్దరిద్దరికి సరిపడా కోయించాం. సీట్ల సంఖ్య తగ్గింది, కూర్చునేవాళ్ల సంఖ్య పెరిగింది.

మనవుల పుస్తకం కూడా అంతే. తలుపు పక్కన ఉన్నప్పుడు ఒక్క లైను, సంతకం. దాన్ని మూలకు, గోడ వైపు తిరిగి రాసే బల్ల మీదికి మార్చాక పేజీలు నిండుతున్నాయి. కొందరు రాసి, చదివి, చింపుకుపోతారు. చింపిన పేజీలకు ఏమీ చేయొద్దని మొదటే అనుకున్నాం. పాపసంకీర్తనం గదికి మాత్రం నేను ఊహించని గిరాకీ. ఫాదర్ గారు వచ్చిన రోజుల్లో వరస కడతారు. ముక్కూ మొహం తెలియని గురువు దగ్గర, మళ్లీ ఎదురుపడే పని లేకుండా చెప్పుకోవడం చాలామందికి తేలిక. ఆ గది గోడలకు రెండింతలు ఉన్ని పెట్టాను.

పునీత క్రిస్టోఫర్ గారి గొడవ కూడా జరిగింది. ప్రయాణికుల పునీతుడు కదా, పీఠం పక్కనే పెద్ద స్వరూపం ఉండాలని కొందరు. 1969లో సార్వత్రిక క్యాలెండర్‌లోంచి ఆయన పండుగ తీసేశారు కాబట్టి వద్దని కొందరు. క్యాలెండర్‌లోంచి తీశారు గానీ పునీతుల జాబితాలోంచి తీయలేదు, ఇప్పటికీ జూలై 25 ఆయనదే. చివరికి బయట, బండ్లను ఆశీర్వదించే చోట గోడ మీద చిన్న శిల్పంగా పెట్టాం. డ్రైవర్లు తాళంచెవిని ఆయన పాదానికి తాకించి వెళ్తారు. అక్కడ రాయి అప్పుడే నున్నగా, నల్లగా అయింది.

కొవ్వొత్తులది ఇంకా తెగలేదు. వసారా రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నప్పుడు గాలి నేరుగా ఇసుక తొట్టి మీదికే వస్తుంది, సగం ఆరిపోతాయి. తొట్టిని రెండుసార్లు జరిపాం. ఇప్పుడున్న చోట ఆరవు గానీ పొగ మరియమాత స్వరూపం వెనక గోడకు పడుతోంది.

మొన్న మెయింటెనెన్స్‌కి వెళ్లినప్పుడు బెంచీలు చూశాను. ముందు వరస వార్నిష్ కొత్తదానిలా మెరుస్తోంది. చీలిక పక్కనున్న ఏటవాలు బెంచీకి మాత్రం చేతులు ఆనే చోట వార్నిష్ పూర్తిగా పోయి చెక్క బయటపడింది. మోకాళ్ల పలకకు తోలు మార్చాలి. ఫాదర్ గారు తాళంచెవులు తిప్పుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డారు. విశ్రాంతి స్థలంలో కొత్త లేఅవుట్ వేశారట, బస్సులన్నీ ఇప్పుడు అవతలి వైపు ఆగుతున్నాయట. “ఆ గోడకి కూడా ఒకటి కోస్తారా?” అని అడిగారు. అది సిలువ మార్గం పటాలున్న గోడ, యేసు సిలువ ప్రయాణంలోని పద్నాలుగు ఘట్టాలు (స్థలాలు) వరసగా ఉంటాయి. ఎనిమిదో స్థలానికీ తొమ్మిదో స్థలానికీ మధ్య ఎంత జాగా ఉందో టేపు పెట్టి కొలుచుకుని వచ్చాను.